లావా చల్లగా ఉంది సార్!

సరే, ఈసారి కెమిస్ట్రీ వంతు వచ్చింది. అబాకస్ అయింది, వేదగణితం అయింది, రోబోటిక్స్ అయింది. నిన్నమొన్నటి దాకా కోడింగ్ రాని ఆరో తరగతి పిల్లాణ్ణి చుట్టాలు జాలిగా చూశారు. ఇప్పుడు ఏ ఫ్లైఓవర్ స్తంభం చూసినా, ఏ ఆటో వీపు చూసినా తెల్లకోటు తొడుక్కున్న పన్నెండేళ్ళ శాస్త్రవేత్తే. చేతిలో గుండ్రటి ఫ్లాస్కు, అందులో నీలం నీళ్ళు, మూతి దగ్గర పొగ. పైన 'మా పిల్లలు చేతులతో నేర్చుకుంటారు' అని, కింద అడ్మిషన్ల ఫోన్ నంబరు. మీరూ చూసే ఉంటారు. కళ్ళు మూసుకుని బండి నడిపితే తప్ప చూడకుండా ఉండలేం.

ఈ చేతుల చదువు మా అక్కయ్య మనవరాలి దాకా వచ్చింది. ఏడో తరగతి. "తాతయ్యా, మా స్కూల్లో కెమిస్ట్రీ డే, నువ్వు రావాలి" అంది. వెళ్ళాను. ఆ రోజు నుంచీ బీపీ మాత్ర పూటకి ఒకటి సరిపోవడం లేదు.

ముందు ఆ కోటు సంగతి. స్కూలు చెప్పిన షాపులోనే కొనాలి, స్కూలు చెప్పిన ధరకే. పక్కా పాలిస్టర్. ప్రయోగశాల కోటు నూలుది ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు. పాలిస్టర్‌కి నిప్పంటుకుంటే అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆమ్లం చుక్క ఎగిరిపడితే కంటిని కాపాడే కళ్ళద్దాలు మాత్రం ఒక్క పిల్లకీ లేవు. అద్దాలు పెడితే ఫొటోలో మొహం కనపడదు కదా.

ఇక ఉత్సవ విగ్రహం, అగ్నిపర్వతం. హాలంతా బల్లలు, బల్లకో కొండ. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కొండలు, థర్మాకోల్ కొండలు, స్టేషనరీ షాపులో చెట్లూ ఆవులూ సహా రెడీమేడ్‌గా దొరికే కొండలు. పాత న్యూస్‌పేపర్లు మైదా జిగురుతో అంటించిన కొండ ఒకటుంది. పిల్లలు చేసింది అదొక్కటేనని చూడగానే తెలిసిపోయింది, ఎందుకంటే అది ఒక పక్కకి ఒరిగింది. అందుకే దాన్ని చివరి వరసలో పెట్టారు. కొండ నెత్తిన ఒక బొక్క. బొక్కలో తినే సోడా, ఎర్ర రంగు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. మేడమ్ "రెడీ?" అంటుంది. పిల్ల వెనిగర్ పోస్తుంది. బుస్సున పొంగుతుంది. చప్పట్లు. ఫొటో. తరవాతి బల్ల.

పొంగు చాలకపోతే ఇంకో చెంచా సోడా. ఫోన్ పట్టుకున్నాయన చెయ్యి వణికితే ఇంకో విస్ఫోటం. వీడియో అతను అడిగాడని పెళ్ళికొడుకు తాళి మళ్ళీ కట్టినట్టు, ఆ కొండలు ఆ పొద్దున ఎన్నిసార్లు బద్దలయ్యాయో వాటికే తెలియాలి.

తినే సోడా మీద నాకు కోపం లేదు. నా గొడవంతా కొండతో. అగ్నిపర్వతంలో వెనిగర్ ఉండదు. ఆమ్లమూ క్షారమూ కలిసినందుకు అది పేలదు. భూమి లోపల కరిగిన రాయిలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ఒత్తిడికి ఇమిడి ఉంటాయి. రాయి పైకొస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి, అవి బుడగలై విడిపోయి, రాయిని తన్నుకుంటూ బయటికొస్తాయి. కాబట్టి బల్ల మీద జరిగింది భూగర్భ శాస్త్రం అనడానికి లేదు. పోనీ రసాయన శాస్త్రమా అంటే, దాన్ని కొండే మింగేసింది. లోపల ఏం జరుగుతోందో కనపడకుండా చుట్టూ ప్లాస్టర్ గోడ కట్టారు, పైన రంగు కలిపారు, సబ్బు నురగ చేర్చారు. పిల్ల చూడాల్సింది దాచిపెట్టి, ఫోన్ చూడాల్సింది పెద్దది చేశారు.

నిజం లావా చూపించాలని అంత ముచ్చటగా ఉంటే రాజమండ్రి పక్కన కాతేరు ఉంది, గోదావరికి అవతల పంగిడి ఉంది. అక్కడి నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా, దక్కను పీఠభూమిని కప్పిన ప్రవాహాల కుటుంబానిదే. పంగిడి క్వారీల కంకర ఆ చుట్టుపక్కల రోడ్లకి పరిచారు. స్కూలు బస్సు పొద్దున్నే లావా మీద నుంచే వస్తోందని అక్కడి పిల్లలకి ఎవరైనా చెప్పారా? వికారాబాద్ పిల్లలకి అంత దూరం కూడా అక్కర్లేదు, నల్లరేగడి చేలో కాలు పెడితే చాలు. ఆ మట్టి లావా రాయి అరిగి పుట్టిందే. ఒక రాయి తెచ్చి చేతికివ్వచ్చు, బరువు చూడమనచ్చు, పగలగొట్టమనచ్చు. కానీ రాయి పొంగదు. పొంగనిది రీలుకి పనికిరాదు.

ఆ పొద్దున అంతమందిలో ఒక్కడు సైన్సు చేయడం చూశాను. చివరి వరసలో ఒరిగిన కొండ దగ్గర నిలబడ్డ కుర్రాడు. పొంగు బల్ల మీదికి కారుతుంటే వేలు పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. "సార్, లావా చల్లగా ఉంది సార్!" అని అరిచాడు.

చల్లగానే ఉంటుంది. తినే సోడా, వెనిగర్ కలిసినప్పుడు వేడి పుట్టదు. చుట్టూ ఉన్న వేడినే అది లాక్కుంటుంది. థర్మామీటర్ ముంచితే గీత కిందికి దిగడం కళ్ళారా చూడచ్చు. బుసబుస పొంగేదేదైనా కాలుతుందనుకునే ఏడో తరగతి బుర్రకి ఇంతకంటే మంచి దెబ్బ తగలదు. ఎందుకు చల్లబడింది? ఎంత చల్లబడింది? సోడా రెట్టింపు వేస్తే ఇంకా చల్లబడుతుందా? వెనిగర్ బదులు నిమ్మకాయ పిండితే? ఒక ఏడాది పాఠం నడపడానికి సరిపడా ప్రశ్న ఆ పిల్లాడి వేలి చివర ఉంది. పక్కనున్న సార్ ఏమన్నారంటే, "ముట్టుకోకు, కోటు పాడవుతుంది." గుమ్మం మీద బ్యానర్ మాత్రం చేతులతో నేర్చుకోమంటోంది.

ఇక నవ్వుతూ రాయడం నా వల్ల కాదు.

అయిదు గ్రాముల తినే సోడాకి, 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్ సుమారు 70 మిల్లీలీటర్లు పోస్తే రెండూ సరికి సరి. ఏది ఎక్కువేస్తే అది మిగిలిపోతుంది. పుట్టే కార్బన్ డయాక్సైడ్ లీటరున్నరకి కాస్త తక్కువ, ఒక చిన్న బెలూన్ ఉబ్బడానికి చాలు. నీళ్ళ సీసాలో ప్రతిసారీ అంతే వెనిగర్ పోసి, మూతికి బెలూన్ తొడిగి, అరచెంచా, చెంచా, చెంచాన్నర అని సోడా పెంచుకుంటూ పోతే ఒకచోట బెలూన్ ఇక పెరగడం మానేస్తుంది. ఎందుకు మానేసిందో పిల్లలు కొట్టుకుని, వాదించుకుని తేల్చుకుంటే, ఇంటర్లో ప్రాణాలు తోడేసే మోల్ లెక్కలకి అక్కడే దారి పడుతుంది. దీనికి కావలసింది సీసా, బెలూన్, చెంచా, ఒక పీరియడ్.

ఆ పీరియడే లేదు. ఎందుకుంటుంది? అదే స్కూల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. వారమంతా నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దడం, వారాంతానికి టెస్ట్, దాని మీద ర్యాంకు, ఆ ర్యాంకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో. ఏడాదికి ఒక పూట తెల్లకోటు. ఈ పిల్లలే రేపు బ్యూరెట్ ముట్టకుండా, సాల్ట్ పేరు ముందే బట్టీపట్టి, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో 30కి 30 తెచ్చుకుంటారు. అది ఎలా వస్తుందో రాష్ట్రమంతా తెలుసు. తెలిసీ స్వీట్లు పంచుతాం.

పన్నెండేళ్ళ పిల్లల ఉత్సాహం చూశారా ఎప్పుడైనా? వాసన చూస్తారు, ఒంపేస్తారు, చెప్పింది కాక ఇంకోటి కలుపుతారు, నాకి చూడబోతారు (అందుకే పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి, ఫోన్ పక్కన పెట్టి). ఆ ఉత్సాహం ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉంటుంది. తొమ్మిదికి వచ్చేసరికి "ఇది పరీక్షకి వస్తుందా సార్?" మొదలవుతుంది. ఆ మూడేళ్ళని హోర్డింగుకి అమ్ముకుంటున్నారు. దీన్ని మోసం అంటాను. ఇంతకన్నా మర్యాదైన మాట వెతికే ఓపిక లేదు.

సామాను ఖరీదు అంటారు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు కలపని ఇల్లుందా మన దగ్గర? పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రగా తిరుగుతుంది. దాంట్లో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు. మళ్ళీ సున్నం, మళ్ళీ ఎరుపు. పసుపు, మందార పూల రసం సైన్సు పాఠంలో అచ్చేసే ఉన్నాయి. చాలా బళ్ళలో అండర్‌లైన్ చేయించి ఊరుకుంటారు. బాబాల మహిమల గుట్టు విప్పడానికి జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి ఇలాంటివే చేసి చూపించారు, ఒంటి మీద కోటు లేకుండానే. తాంబూలం సున్నం నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పైనున్న తేట వంచుకుని, స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడుతుంది (ఊదాలి, పీల్చకూడదు). అది అందరూ చెప్తారు. ఆపకుండా ఇంకా ఊదితే మళ్ళీ తేటపడుతుందని ఎంతమంది చూశారు? మాస్టార్లనే అడుగుతున్నాను. మైలుతుత్తం నీళ్ళలో ఇనప మేకు వేస్తే దాని మీద రాగి ఎర్రగా పేరుకుంటుంది. మైలుతుత్తం విషం, నోట్లోకి పోకూడదు, చేతులు కడుక్కోవాలి. ఆ జాగ్రత్త చెప్పి, చేయించి, కడిగించడం కూడా కెమిస్ట్రీ మాస్టారి పనే.

ఇదంతా ముసలాడి చాదస్తం అనుకునేవాళ్ళకి ఒక పాత కథ. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక బళ్ళలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు సైన్సుని ప్రయోగాలతోనే చెప్పడం మొదలుపెట్టాయి. పల్లెటూరి సర్కారు బళ్ళు. నలుగురేసి పిల్లలు ఒక జట్టు, వాళ్ళకో కిట్. 'బాల్ వైజ్ఞానిక్' అనే పుస్తకంలో ప్రశ్నలుంటాయి, జవాబులుండవు. జవాబు పిల్లలు చేసి రాసుకోవాలి. పరీక్షకి పుస్తకం తీసుకెళ్ళచ్చు, పైగా ప్రయోగం చేసి చూపించాలి. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వచ్చి పల్లె మాస్టార్లతో కలిసి కూర్చున్నారు. 1982 నుంచి ఏకలవ్య సంస్థ దాన్ని భుజానికెత్తుకుంది. వెయ్యికి పైగా బళ్ళకి పాకింది. ముప్ఫై ఏళ్ళు నడిచాక, 2002లో రాష్ట్ర ప్రభుత్వం మూసేసింది. అప్పుడు మూసేసిన పనికే ఇప్పుడు 'ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్' అని పట్టు చీర కట్టి, 2020 జాతీయ విద్యా విధానం దగ్గర్నుంచి మా వీధి చివరి స్కూలు బ్రోషర్ దాకా ఊరేగిస్తున్నారు. ఊరేగింపులో కిట్ ఎక్కడుందో మాత్రం అడగకూడదు.

అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయిగా అంటారా? ఉన్నాయి, బడికి 20 లక్షల గ్రాంటుతో. బాగా వాడే మాస్టార్లూ ఉన్నారు, తాళం తీసేది ఇన్‌స్పెక్షన్ రోజే అయిన బళ్ళూ ఉన్నాయి. కళ్ళకి హెడ్‌సెట్ తగిలించి చూపించే వీఆర్ కెమిస్ట్రీ ల్యాబ్ గురించి ఒక్క ముక్క: ముక్కు అదరని అమ్మోనియా నాకొద్దు.

సర్కారు బడి మాస్టార్ని నేను ఏమీ అనను. మొన్నమొన్నటి దాకా మరుగుదొడ్ల ఫొటోలు కూడా మాస్టార్ల చేత యాప్‌లో ఎక్కించిన రాజ్యంలో ఆయన టెస్ట్‌ట్యూబు పట్టుకునే వేళ ఏది? గాజు సామాను పగిలితే సర్కారు బళ్ళో ఆయన జేబుకి చిల్లు, ప్రైవేటు బళ్ళో పిల్లాడి తండ్రికి జరిమానా. అందుకే రెండు చోట్లా బీరువాకి తాళం, తాళంచెవి హెడ్మాస్టరు గదిలో.

అడ్మిషన్ కోసం వెళ్ళే అమ్మానాన్నలకి ఒక సంగతి. ల్యాబ్ చూపించమని అడక్కండి. చూపిస్తారు, తళతళలాడుతూ ఉంటుంది, మీరు మోసపోతారు. పగిలిన సామాను రాసే బ్రేకేజ్ రిజిస్టర్ అడగండి. పన్నెండేళ్ళ పిల్లలు నిజంగా చేతులు పెట్టిన ల్యాబ్‌లో అది చాంతాడంత ఉంటుంది. నేనూ ఆ రోజు వచ్చేస్తూ కౌంటర్ దగ్గర ఆగి, ఈ ఏడాది ఎన్ని టెస్ట్‌ట్యూబులు పగిలాయమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి నొచ్చుకున్నట్టు చూసి, తరవాత ఎంతో గర్వంగా, "ఒక్కటి కూడా పగల్లేదండీ, మా పిల్లలు చాలా డిసిప్లిన్డ్" అంది.