నిలబడి నీళ్ళు తాగే పరుగు

మా ఆఫీసులో ఏదైనా చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే ముందు మారథాన్ పేరెత్తుతారు. ఈ ఏడు హైకులు లేవనే ముందు ఒకసారి, శనివారాలు కూడా రావాలనే ముందు ఒకసారి, క్లయింటు తేదీ ముందుకు జరిపాడనే ముందు మరోసారి. "మిత్రులారా, మనది వంద మీటర్ల పరుగు కాదు, మారథాన్!" అని మా పెద్దసారు మైకు పట్టుకుని అనగానే హాల్లో అందరూ తలలూపుతారు. నాకు మాత్రం మోకాళ్ళు సలుపుతాయి. ఆ హాల్లో మారథాన్ నిజంగా పరిగెత్తినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

నేను పరిగెత్తుతానంటే మా ఇంట్లోనే సరిగ్గా నమ్మరు. "ఆదివారం ఊరంతా పరిగెత్తుతారు, సోమవారం సందు చివర కరివేపాకు తెమ్మంటే స్కూటరు తాళాలు వెతుకుతారు" అని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. కరివేపాకు తెచ్చినవాడికి మెడలో పతకం వెయ్యరు కదా! ఇక నా వేగం సంగతంటారా, హుస్సేన్‌సాగర్ పక్కన పొద్దున్నే నడకకొచ్చే పెద్దమనుషులు కొందరు నన్ను దాటుతూ కుశలమడిగి మరీ వెళ్తుంటారు. అయినా చివరిదాకా వెళ్ళే రకాన్ని.

పరుగువాళ్ళకి ఒక జబ్బుంది. మెడలో పతకం తియ్యకుండానే "ఈ పరుగు నా వృత్తికి నేర్పిన పది పాఠాలు" అంటూ లింక్డిన్‌లో ఎక్కించేస్తారు. పట్టుదల, క్రమశిక్షణ, ఇంకో ఎనిమిది. నాకు తెలిసొచ్చింది మాత్రం వేరు. మారథాన్‌కీ మా ఉద్యోగానికీ పోలిక లేదు. ఉంటే ఎంత బాగుండేదో!

ముందు దూరం సంగతి చూడండి. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. హైదరాబాదులోనైనా బోస్టన్‌లోనైనా అంతే. డబ్బు కట్టేముందే తెలుస్తుంది. నలభయ్యో కిలోమీటరు దగ్గర ఎవరో ఎదురొచ్చి "క్లయింటు ఇంకో నాలుగు అడుగుతున్నాడు, చిన్నవేలెండి, ఈ వారంలోనే కలిపేద్దాం" అనడు. అలా అన్నవాళ్ళు చరిత్రలో అసలు లేకపోలేదు. మొదట్లో ఈ పరుగు దాదాపు 40 కిలోమీటర్లు, ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. 1908 లండన్ ఒలింపిక్స్‌కి విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే బాక్సు ఎదురుగా ముగించాలన్నారు. దాంతో 26 మైళ్ళ మీద 385 గజాలు తేలాయి. ఆ గజాల్లో ఇరుక్కున్నవాడు ఇటలీకి చెందిన డొరాండో పియెట్రి. స్టేడియంలోకి అందరికంటే ముందొచ్చాడు. వచ్చి, సోయి తప్పి ఎదురు దిక్కుకి తిరిగాడు. తిప్పి పంపితే పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. చివరికి అధికారులే చెయ్యి ఆసరా ఇచ్చి గీత దాటించారు. ఆ తర్వాత, సాయం తీసుకున్నాడు గనక చెల్లదన్నారు. స్వర్ణం అమెరికా కుర్రాడు జానీ హేస్‌కి పోయింది. మర్నాడు అలెగ్జాండ్రా రాణి జాలిపడి పియెట్రికి ప్రత్యేకంగా ఒక కప్పు బహూకరించింది.

పెద్దవాళ్ళ కుర్చీ ఎక్కడుందో చూసి పని పొడవు పెంచడం, పెంచినచోట పడిపోయినవాణ్ణి పైవాళ్ళే లేపడం, లేపించుకున్నాడని రేటింగు కొయ్యడం, ఆఖర్న స్పాట్ అవార్డు చేతిలో పెట్టి ఫొటో దిగడం... ఇదంతా లండన్ సంగతని నాకెందుకో అనిపించలేదు. ఒకటే తేడా. 1921లో అదే దూరాన్ని ఖాయం చేశాక దాన్నెవరూ ముట్టుకోలేదు. మా దగ్గర రాణి మారినప్పుడల్లా గజాలు మారతాయి.

నేను పరుగు మొదలుపెట్టిన రోజుల్లో మా అమ్మకి ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు. "ఒరే, పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారురా పెద్దలు" అనేది. ఆ పెద్దలెవరో గాని మారథాన్ పరిగెత్తే ఉంటారని నా నమ్మకం. దారిపొడవునా రెండేసి కిలోమీటర్లకో బల్ల వేసి నీళ్ళు పోస్తుంటారు. కొత్తవాళ్ళు గ్లాసు అందుకుని పరిగెత్తుతూనే తాగుతారు. సగం ముక్కులోకి, మిగతా సగం చొక్కా మీదికి. తలపండినవాళ్ళు ఆగుతారు, తాగుతారు, ఓ అరటిపండు ముక్క నోట్లో వేసుకుంటారు, ఉప్పు నాకుతారు, నీళ్ళు పోసిన పిల్లలకి థాంక్స్ చెప్పి కదులుతారు. మైలు తిరిగేసరికి ఆ ముక్కులో నీళ్ళవాళ్ళని దాటేస్తారు. ఆగినందుకు అక్కడ ఎవరూ ఏమీ అనరు. పాలు మాత్రం ఏ బల్ల మీదా ఉండవు.

ఇక మా ఆఫీసు. టిఫిన్ డబ్బా కీబోర్డు పక్కన, మీటింగు చెవిలో, మైకు మ్యూటులో. పప్పన్నం కలుపుతుండగా మన పేరు పిలుస్తారు. టీకి వెళ్ళేవాడు సెలవు చీటీ ఇచ్చినంత వినయంగా "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళాలి. పరుగులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. దాహం లేకపోయినా నీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి మనిషి కుప్పకూలతాడు. మా హెచ్చార్ వాళ్ళకి తెలిసిన పద్ధతి అదే. ఏడాదంతా గుక్కెడు ఇవ్వరు గాని, ఓ వారం మొత్తం "ఒత్తిడిని జయిద్దాం" అంటూ ముంచేస్తారు. రోజూ రాత్రి ఏడింటికి వెబినార్. హాజరు తప్పనిసరి.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. చీకటుండగానే నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఇందులోని తమాషా గమనించారా? వారమంతా ఆఫీసుకని గచ్చిబౌలి వెళ్ళలేక ఏడ్చేవాళ్ళే, ఆదివారంనాడు ఎదురు డబ్బు కట్టి అక్కడికి పరిగెత్తుకుంటూ వెళ్తారు. ట్రాఫిక్ బాగా ఉన్న సాయంత్రం కారులో పోయినవాడికీ, మంచి ఊపుమీద పరిగెత్తినవాడికీ పెద్ద తేడా కూడా ఉండదు.

మొదటి ఐదు కిలోమీటర్లలో ఆరంభశూరుల్ని చూడాలి. డప్పులు, మైకులో సినిమా పాటలు, సాగరం మీంచి చల్లగాలి, ఆ గాలితోపాటు వచ్చే ఇంకోటి. అందరూ ఎగురుతూ పోతుంటారు. మా ప్రాజెక్టుల కిక్-ఆఫ్ కూడా ఇంతే. కేకు, టీషర్టు, గ్రూపు ఫొటో. ఆ తర్వాత ఫ్లైఓవర్లు మొదలవుతాయి. స్కూటరు మీద పోయేవాడికి అది ఫ్లైఓవర్ అన్న ధ్యాస కూడా ఉండదు గాని, పరిగెత్తేవాడు దాన్ని కట్టిన ఇంజనీరుని పేరుపేరునా తలుచుకుంటాడు. డప్పులు వెనకెక్కడో ఉండిపోతాయి. 30, 32 కిలోమీటర్ల దగ్గర ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్ అడుగంటుతుంది. దాన్నే పరుగువాళ్ళు "గోడ" అంటారు. కాళ్ళు మన మాట వినవు, బుర్ర అంతకంటే వినదు. పదికి మూడు కలిపితే ఎంతో వేళ్ళు లెక్కపెట్టుకోవాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు 32వ కిలోమీటరు దగ్గర "సగం అయింది" అంటారు. తప్పుడు లెక్క కాదది, అనుభవం చెప్పే లెక్క.

మా వారాంతపు స్టేటస్ రిపోర్టుల్లో ఇలాంటి లెక్కకి చోటు లేదు. ప్రతి ప్రాజెక్టూ మూడో నెలకి "90 శాతం పూర్తి" అవుతుంది. తొమ్మిదో నెలలో కూడా 90 శాతమే పూర్తి. ఆ మిగిలిన పదిలోనే టెస్టింగు, క్లయింటు అలకలు, అర్ధరాత్రి ఫోన్లు, ఇద్దరు కుర్రాళ్ళ రాజీనామాలు అన్నీ ఉంటాయి. ఒకసారి నేను ధైర్యం చేసి, పని తొంభై శాతం అయినచోట "సగం" అని రాశాను. సగమంటే క్లయింటు గుండె ఆగుతుందని మా మేనేజరు దిద్దారు. క్లయింటు గుండె నిక్షేపంగా ఉంది. ఆ తొంభై చూసి మాకు ఇంకో పని కూడా అప్పగించాడు.

అన్నట్టు, కష్టపడకుండా ముందుకొచ్చేవాళ్ళు పరుగులో కూడా ఉన్నారు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ఫ్రెడ్ లోర్జ్ అనే ఆయన మధ్యలో కారెక్కి 11 మైళ్ళు వెళ్ళాడు. కారు మొరాయిస్తే దిగి, తాజాగా పరిగెత్తుకుంటూ స్టేడియంలోకి మొదటివాడుగా వచ్చాడు. సన్మానం మొదలయ్యేలోపే గుట్టు బయటపడింది. మరుసటేడు బోస్టన్ మారథాన్ మాత్రం సొంత కాళ్ళమీద గెలిచాడు. మా దగ్గర ఆ రెండో భాగానికి అవసరం రాదు. కారు దిగగానే డైరెక్టరుని చేస్తారు.

నాకు పరుగులో అన్నిటికంటే నచ్చింది పేసర్లు. చేతిలోనో వీపు మీదో చిన్న జెండా, దాని మీద టైము. నాలుగున్నర గంటల్లో ముగించాలనుకుంటే ఆ జెండా వెనకాల పడితే చాలు. ఆయన లెక్కలన్నీ ఆయన చూసుకుంటాడు. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ ఆగాలో చెబుతాడు. మనం మూలుగుతుంటే జోకులేస్తాడు. ఎలియుడ్ కిప్చోగె అంతటివాడు 2019 అక్టోబరు 12న వియన్నాలో రెండు గంటల లోపు, 1:59:40లో, ఈ దూరం పూర్తిచేస్తే, ఆయన చుట్టూ వంతులవారీగా 41 మంది పేసర్లు గాలిని అడ్డుకుంటూ పరిగెత్తారు. ప్రపంచంలో మేటి పరుగువీరుడికే అంతమంది కావాల్సొచ్చింది. రికార్డు పుస్తకంలోకి అది ఎక్కలేదనుకోండి, అది వేరే సంగతి.

మా ఆఫీసులో పేసర్లకి లోటు లేదు. ఒక్కో పనివాడికి సగటున ముగ్గురు. జెండాలున్నాయి, టైములున్నాయి, రంగురంగుల చార్టులున్నాయి. కాకపోతే వీళ్ళంతా ఏసీ కారులో కూర్చుని అద్దం దించి "ఎందాకా వచ్చింది?" అని అడిగే పేసర్లు. గంట గంటకీ అడుగుతారు. నిజం పేసరు ఆ మాట అడగడు. మనతోపాటే ఆ కిలోమీటరులోనే ఉంటాడు గనక.

గడువుల విషయానికొస్తే దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్ అని ఒకటుంది. పేరుకే మారథాన్, దూరం 90 కిలోమీటర్లకి అటూ ఇటూ. 12 గంటల గడువు. సమయం అయిపోవచ్చేసరికి ఒక అధికారి గీత దగ్గర, వచ్చేవాళ్ళకి వీపు పెట్టి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఆ క్షణానికి అడుగు దూరంలో ఉన్నవాడికి కూడా పతకం లేదు. ఈ సంగతి పొరపాటున మా పెద్దసారు చెవిన పడింది. "గడువంటే అదయ్యా!" అని మురిసిపోయారు. గోడకి పోస్టరు అంటించేస్తారేమోనని భయపడి వెంటనే షిజో కనకురి కథ చెప్పాను.

ఈ కనకురి జపాన్‌వాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ కోసం ఓడలోనూ ట్రాన్స్ సైబీరియన్ రైల్లోనూ రోజుల తరబడి ప్రయాణం చేసి వెళ్ళాడు. పరుగునాడు ఎండ మాడ్చేసింది. దిగినవాళ్ళలో సగంమంది దాకా మధ్యలోనే ఆగిపోయారు. మనవాడికీ కళ్ళు తిరిగి దారి పక్కన ఒక ఇంటివాళ్ళ తోటలోకి చేరాడు. వాళ్ళు తాగడానికిచ్చారు, తాగాడు, సేద తీరాడు. ఆ తర్వాత సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా స్వదేశం వెళ్ళిపోయాడు. స్వీడన్‌వాళ్ళ లెక్కలో మనిషి గల్లంతు. చాలా ఏళ్ళకి ఆచూకీ తెలిసి, 1967లో పిలిచి, "మీ పరుగు పూర్తిచెయ్యండి" అన్నారు. 75 ఏళ్ళ వయసులో వెళ్ళి గీత దాటాడు. పట్టిన సమయం 54 ఏళ్ళ 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు. ఆ మధ్యలో పెళ్ళి, ఆరుగురు పిల్లలు, పదిమంది మనవలు. మా పెద్దసారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ 20.3 సెకన్ల దగ్గర ఆగిపోయారనుకుంటాను. అన్నేళ్ళు ఆలస్యమైన ప్రాజెక్టుకి టైంషీటు మాత్రం అంత కచ్చితంగా ఉండటం ఆయనకి బాగా నచ్చింది.

అసలు విశేషం ఇంకోటి. చెప్పాపెట్టకుండా మాయమైన ఆ కనకురే, 1920లో మొదలైన హకోనె ఎకిడెన్‌కి మూలపురుషుల్లో ఒకడు. టోక్యో నుంచి హకోనెకి వెళ్ళి, మర్నాడు తిరిగిరావాలి. 200 కిలోమీటర్లు దాటిన దూరాన్ని విశ్వవిద్యాలయాల జట్లు పదేసి మందితో పంచుకుని పరిగెత్తుతాయి. ఇప్పుడది కొత్త సంవత్సరంలో జనవరి 2, 3 తేదీల్లో జరుగుతుంది, జపాన్ సగం టీవీల ముందే ఉంటుంది. ఇందులో కీలకం పరుగు కాదు, అప్పగింత. భుజానికి వేసుకున్న తాసుకి అనే గుడ్డపట్టీని తర్వాతివాడి చేతికి ఇవ్వాలి. మరీ వెనకబడితే పట్టీ అందకముందే తర్వాతివాణ్ణి వేరే పట్టీతో పంపించేస్తారు. తమ పట్టీ చేరవెయ్యలేకపోయిన కుర్రాళ్ళు రోడ్డుమీదే కూలబడి ఏడుస్తారు.

మేం దీన్నే కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటాం. వాళ్ళకి రెండు క్షణాలు పట్టే పనికి మాకు 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంది. ఆ తొంభై రోజుల్లో వెళ్ళేవాడు ఇంటర్వ్యూలకి వెళ్తాడు, వచ్చేవాడు ఇంకా రాడు, ఆఖరి శుక్రవారం కేకు కోసి కన్నీళ్ళు పెట్టుకుంటారు. సోమవారం చూస్తే పట్టీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సర్వర్ పాస్‌వర్డు ఎవడి దగ్గరుంది? ఆ రాత్రి పూట నడిచే ప్రోగ్రాం ఎందుకు నడుస్తోంది? ఆపితే ఏమవుతుంది?

కాబట్టి ఈ పత్రిక చదువుతున్నవాళ్ళలో ఉద్యోగం మారబోతున్న వాళ్ళెవరైనా ఉంటే చేతులు జోడించి ఒకటే అడుగుతున్నాను. మారథాన్‌లు పరిగెత్తినా పరిగెత్తకపోయినా సరే, పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి, పక్క సీటువాడి చేతిలో పెట్టి వెళ్ళండి. యాభై నాలుగేళ్ళ తర్వాత పిలిచి అడుగుదామంటే మీ కొత్త ఫోన్ నంబరు మా దగ్గర ఉండదు.