ముందు స్పెయిన్‌వాళ్ళకి స్పానిష్ నేర్పాలి

స్పెయిన్‌లో ఎవరికీ స్పానిష్ రాదు. నామీద విరుచుకుపడకండి, ఈ మాట అంటున్నది నేను కాదు, స్పానిష్ నేర్పే కోర్సులు. పాపం, నోరు తెరిచి అనవు. పాఠాలతోపాటు ఇచ్చే ఆడియోలతో అంటాయి. ఆ ఆడియో ఓసారి విని, తర్వాత మాడ్రిడ్‌లో ఏదో ఒక సిటీ బస్సెక్కి చెవులు రిక్కించండి. రెండింట్లో ఏదో ఒకటే స్పానిష్ అయ్యుండాలి. మనం డబ్బు కట్టింది ఆడియోకి కాబట్టి అదే అసలుదని ఒప్పుకోవడం మర్యాద.

ఆడియోలో ఉండే దేశం ఎంత చక్కటిదో! అక్కడ హువాన్, మరీయా అని ఇద్దరుంటారు. ఒకరి మాట పూర్తయ్యేదాకా రెండోవాళ్ళు నోరు విప్పరు. మాటకీ మాటకీ నడుమ కునుకు తీసేంత ఖాళీ. వీధిలో మోటార్‌సైకిల్ పోదు, పక్కింట్లో టీవీ మోగదు, ఎవరికీ జలుబు చెయ్యదు. హువాన్‌కి ఆపిల్ పండు తినడం, తిన్న సంగతి మరీయాకి చెప్పడం తప్ప వేరే పనే లేదు. ఆ దేశంలో ఏడాదిపాటు కాపురం చేసి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి, మనవాడు విమానం ఎక్కుతాడు.

దిగాక మొదటి పని కాఫీ. బారు కౌంటర్ ముందు నిలబడి, దారంతా వల్లెవేసుకున్న వాక్యాన్ని ఒప్పజెబుతాడు: తమరు దయచేసి నాకొక పాలకాఫీ ఇప్పించగలరా. కౌంటర్ అవతలి మనిషి కప్పులు తుడుస్తూనే, తల ఎత్తకుండా, 'లలేచెకల్యెంతెఓతెంప్లాదా' అంటాడు. పాలు వేడిగానా, గోరువెచ్చగానా అని. స్పెయిన్‌లో పాలకాఫీ అడిగిన పాపానికి ఎవరికైనా ఎదురయ్యే ప్రశ్నే అది. హువాన్‌ని మాత్రం ఎవరూ ఏనాడూ అడగలేదు. మనవాడు నవ్వుమొహం పెట్టి 'సీ' అంటాడు. వేడిగానా గోరువెచ్చగానా అంటే, అవునట. కాఫీ మెషిన్ బుస్సుమంటోంది, వెనక నలుగురు నిలబడ్డారు. రెండో ప్రశ్న వస్తుంది, తినడానికేమైనా కావాలా అని. మళ్ళీ 'సీ'. ఏం కావాలని మూడోది. దానికీ 'సీ'. ఆ పెద్దమనిషి ఒక్క క్షణం ఎగాదిగా చూసి, తనకి తోచింది తెచ్చి పెడతాడు. మనవాడు అదే తనక్కావాల్సిందన్నట్టు తింటాడు.

ఇందులో తెలుగువాళ్ళకి అదనపు శిక్ష ఒకటుంది. మన అచ్చులు, మన త, మన ద, మన ర స్పానిష్‌కి దగ్గరివి. ఇంగ్లీషువాడు నాలుక మెలిపెట్టుకునే చోట మనం నున్నగా పలికేస్తాం. అంత చక్కగా ఒక్క వాక్యం పలికామంటే, వీడికి భాష వచ్చునని అవతలివాళ్ళు నమ్మి, ఆనకట్ట గేట్లు ఎత్తేస్తారు. ఉచ్చారణ సరిగా లేని అమెరికన్‌కైతే వేళ్ళతో చూపించి, ముక్క ముక్కగా చెబుతారు. మనకి ఆ దయ దక్కదు. డాలస్‌లో వడగళ్ళవానకి దెబ్బతిన్న ఇంటికప్పు వేయించుకునే తెలుగాయన, పనివాళ్ళ ముందు షోకుగా ఒక స్పానిష్ ముక్క వదులుతాడు. ఇక తర్వాతి పావుగంట వాళ్ళు ఏ రంగు పెంకుల గురించి అడుగుతున్నారో, అసలు పెంకుల గురించే అడుగుతున్నారో తెలియక తలూపుతూ నిలబడతాడు.

ఇదేమిటి మహాప్రభో అని కోర్సువాళ్ళని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: 'వాళ్ళు స్పీడుగా మాట్లాడతారండీ.' నేరం వాళ్ళది, చెవి మనది, ఫీజు వీళ్ళది.

ఆ స్పీడునీ కొలిచినవాళ్ళున్నారు. 2011లో లియోన్ పరిశోధకులు అచ్చువేసిన లెక్కలో స్పానిష్ సగటున సెకనుకి 7.82 అక్షరాలు, ఇంగ్లీషు 6.19. జపనీస్ 7.84తో స్పానిష్‌ని వెంట్రుకవాసిలో దాటింది. అయితే అదే లెక్కలో ఇంకో సంగతి తేలింది. గబగబా పలికే భాషల్లో ఒక్కో అక్షరం మోసే సమాచారం తక్కువ. 2019లో 17 భాషలమీద మళ్ళీ కొలిస్తే, అన్నీ సెకనుకి సుమారు 39 బిట్ల దగ్గరే తిరుగుతున్నాయి. కాబట్టి స్పానిష్‌వాడు మిగతావాళ్ళకంటే ఎక్కువేమీ చెప్పెయ్యడం లేదు. పైగా ఇవన్నీ కాగితం ఇచ్చి చదివించి కొలిచినవి. కాగితం చూసి చదివేవాడు పూర్తిగా పలుకుతాడు. బారులో మనిషి చేతిలో కాగితం ఉండదు, కప్పు ఉంటుంది.

అసలు సంగతి స్పీడు కాదు, మింగడం. 'వా ఆ ఆబ్లార్' అని పుస్తకం రాస్తుంది, మాట్లాడబోతున్నాడు అని. మూడు మాటలు, మధ్యలో రెండు ఖాళీలు, వరసగా మూడు అకారాలు. నోట్లోంచి వచ్చేది 'బాబ్లార్'. ఖాళీలు గాలికి పోయాయి, మూడు అకారాలు ఒకటయ్యాయి, వ అని చదివింది బ అయి కూర్చుంది. అక్కడి బడిపిల్లలే ఆ నడిమి 'ఆ' రాయడం మరిచిపోయి మార్కులు పోగొట్టుకుంటారు, వినబడనిదాన్ని రాయడమేమిటని. మనవాడు నిఘంటువు మొదట్నుంచి చివరిదాకా తిరగేసినా 'బాబ్లార్' దొరకదు. 'పారా' కాస్తా 'పా' అవుతుంది. అలసిపోయిన 'కాన్సాదో' మధ్యలో ద జారవిడిచి 'కాన్సావో' అవుతాడు. సెవిల్లెలో, హవానాలో మాట చివరి స్ ఒక చిన్న ఊపిరిగా మిగిలితే గొప్ప. ప్వెర్తోరికోలో చాలామంది నోట తమ దీవి పేరే 'ప్వెల్తోరికో'.

మాట చివరి అచ్చూ తర్వాతి మాట మొదటి అచ్చూ ఇలా కలిసిపోవడానికి సినలేఫా అని ముచ్చటైన పేరుంది. స్పెయిన్ బళ్ళలో ఛందస్సు పాఠంలో, పద్యపాదానికి అక్షరాలు లెక్కపెట్టేటప్పుడు చెబుతారు. కవి చేస్తే సినలేఫా, బస్సు డ్రైవర్ చేస్తే స్పీడు. ఉకారసంధి, ఇకారసంధి బట్టీపట్టి, విడదీసి రాసి మార్కులు కొట్టిన జాతి మనది. 'పోయొస్తా' అన్నవాణ్ణి ఆపి, కాస్త నెమ్మదిగా చెప్పు బాబూ అని ఏ తెలుగువాడూ అడగడు. అలాంటి మన చేతిలో పెట్టిన స్పానిష్ పుస్తకం మాత్రం క్రియారూపాల పట్టికలు అధ్యాయాలకి అధ్యాయాలు నింపి, ఈ కలిసిపోవడం గురించి ఏ చివరి పేజీలోనో చిన్న అక్షరాల్లో సణుగుతుంది. స్టూడియోకి హువాన్ బదులు ఆ కాఫీ బారు మనిషిని పిలిచి, చేతిలో కాగితం పెట్టకుండా మాట్లాడనిస్తే సగం కష్టం తీరేది. కానీ అలా చేస్తే మొదటి పాఠమే ఎవరికీ అర్థం కాదు, రెండో నెల ఫీజు రాదు.

యాప్‌లవాళ్ళు దీనికో విరుగుడు కనిపెట్టారు. 0.75 స్పీడు. నొక్కితే మనకి వినిపించేది అదే మనిషి నిదానంగా మింగడం. మింగిన ద ఎక్కడికి తిరిగొస్తుంది?

యూరప్ కౌన్సిల్ 2001లో భాషాజ్ఞానానికి ఏ1 నుంచి సీ2 దాకా మెట్లు కట్టింది. కింది మెట్టుమీద ఎదుటివాళ్ళు నెమ్మదిగా, విడమరిచి మాట్లాడాలి. బీ1కి వచ్చినా ప్రామాణికంగా, తేటగా ఉండాలి. స్థానికుల వేగంలో వచ్చే ఎలాంటి మాటైనా ఇబ్బంది లేకుండా అర్థం కావడమన్నది చిట్టచివరి సీ2 మెట్టుమీద పెట్టారు. అదీ, యాసకి అలవాటు పడేందుకు కాస్త వ్యవధి ఇస్తేనే అన్న షరతుతో. కాబట్టి పాలు వేడిగానా అన్నది పండితపరిషత్తులో అడగాల్సిన ప్రశ్న. సెవిల్లెలో మేడమీంచి అమ్మ పెట్టిన కేక అర్థమై, అర్థం కానట్టు ఆడుకుంటున్న నాలుగేళ్ళ పిల్ల సీ2. ఇక ఇన్‌స్తితుతో సెర్వాంతెస్ పెట్టే డెలె అనే స్పానిష్ పరీక్షలో సాధారణంగా ఒక్కో ఆడియోని రెండేసిసార్లు వినిపిస్తారు. ఆ దయగల యంత్రం ఒకటి మాడ్రిడ్‌లో ప్రతి మనిషికీ బిగించాలి.

సలహాలిచ్చేవాళ్ళకి కొదవ లేదు. 'సిరీస్‌లు చూడండి, చెవి దానంతటదే తెరుచుకుంటుంది.' హైదరాబాద్ కుర్రకారు మనీ హైస్ట్ చూసింది. అన్ని సీజన్లూ చూశాక నోటికి వచ్చింది ఒకే పాట, బెల్లా చావ్. అది ఇటాలియన్. స్పానిష్‌లోకి డబ్ చేసినవాటికి స్పానిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే ఇంకో వేడుక. డబ్బింగ్ రాసినవారొకరు, సబ్‌టైటిల్ రాసినవారొకరు. చెవికొకటి, కంటికొకటి. మధ్యలో మనవాడు.

సరే, కోర్సులు మారవు. ఆడియో రికార్డింగ్ అయిపోయింది, హువాన్‌కి డబ్బులిచ్చేశారు. మారాల్సింది స్పానిష్ అధికారభాషగా ఉన్న 20 దేశాల ప్రజలే. పుట్టుకతో మాట్లాడేవాళ్ళు దాదాపు 50 కోట్లమంది. పెద్ద పనే, కానీ మార్గాలున్నాయి. భాషని శుభ్రం చేసి, నిలబెట్టి, మెరుగుపెడతామని తన ముద్రమీద రాసుకున్న రాయల్ స్పానిష్ అకాడమీ 1713 నుంచి ఉంది, వాళ్ళు ఒక సర్క్యులర్ తీయాలి. బారుల్లో పనిచేసేవాళ్ళకి రాత్రి బడి పెట్టి, హువాన్ ఆడియోలు వినిపించాలి. అనుకరించగలిగినవాళ్ళకే కాఫీ మెషిన్ ముట్టుకునే అనుమతి. హవానాలో రేషన్ పుస్తకం ఎలాగూ ఉంది, నెలకి మనిషికిన్ని స్‌లు అని అందులో ఒక వరస చేర్చవచ్చు. సెవిల్లెలో పిల్లల్ని అన్నానికి పిలిచే తల్లులు రెండుసార్లు పిలవాలి, నడుమ ఒక బీప్. బొగోతావాళ్ళు తమదే అందరికన్నా స్పష్టమైన స్పానిష్ అని చెప్పుకుంటారు కాబట్టి ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలు వాళ్ళకి.

చిలీని మాత్రం మొదటి విడతలో కదపకపోవడం మేలు. అక్కడికి ఇన్‌స్పెక్టర్లని పంపక తప్పదనుకుంటే, నివేదికలు రాతపూర్వకంగానే తెప్పించుకోవాలి. ఆర్నెల్లు శాంటియాగోలో ఉన్నవాడు ఫోన్‌లో చెబితే, మాడ్రిడ్ ఆఫీసులో దాన్ని రాసుకోగలిగే మనిషి దొరకడు.