ఓనరు మనోడే కదా! అడ్వాన్సు వసూలుకు కొన్ని అమూల్యమైన చిట్కాలు

హైదరాబాదులో అద్దె ఇంటికి మామూలుగా రెండు నెలల అద్దె అడ్వాన్సు తీసుకుంటారు. బెంగుళూరులో పది నెలలది అడిగే ఓనర్లు కూడా ఉన్నారు కాబట్టి మనం అదృష్టవంతులమే. ఆ ఓనరు ఇంజనీరింగు కాలేజీలో మన పక్క బెంచీ వాడైతే ఇక చెప్పేదేముంది! కూకట్‌పల్లిలో వాడు లోను పెట్టి కొన్న డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, నెలకు పాతికవేల అద్దె, యాభైవేలు అడ్వాన్సు అనుకుందాం. ఆ యాభైవేలూ తిరిగొచ్చేటప్పుడు ఏం చెయ్యాలో తెలియక చాలామంది తికమక పడుతుంటారు. వాళ్ళకోసం ఈ సూచనలు. తు.చ. తప్పకుండా పాటించండి.

అడ్వాన్సు గొడవకు పునాది ఇంట్లో దిగకముందే వేసుకోవాలి. అందుకని అగ్రిమెంటు జోలికి పోవద్దు. స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకు రాసుకోవడం పరాయివాళ్ళు చేసే పని. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి, అందుకే లోకమంతా పదకొండు దగ్గర ఆగుతుంది. మీరు సున్నా దగ్గరే ఆగండి. ఒకవేళ వాడే "ఎందుకైనా మంచిది, ఓ కాగితం రాసుకుందాంరా" అన్నాడనుకోండి, మీరు నొచ్చుకోవాలి. "మన మధ్య కాగితాలేంట్రా?" అనాలి. గొంతు కాస్త వణికితే మరీ మంచిది. ఈ ముక్క వాడికి బాగా గుర్తుంటుంది. రెండేళ్ళ తర్వాత మీరు లెక్క అడిగిన రోజున "మన మధ్య లెక్కలేంట్రా?" అని వడ్డీతో సహా తిరిగిచ్చేస్తాడు.

డబ్బు నోట్లుగా ఇవ్వండి. ఫోన్‌పేలో కొడితే తేదీ, మొత్తం, పేరు అన్నీ పడి చస్తాయి. తప్పక ఫోన్లోనే పంపాల్సి వస్తే అక్కడ 'అడ్వాన్సు' అని రాయకండి, 'బిర్యానీ' అని రాయండి. అంతకన్నా మేలైన పద్ధతి ఇంకొకటుంది. అడ్వాన్సు, మొదటి నెల అద్దె, కిందటేడు గోవా వెళ్ళినప్పటి మీ వాటా బాకీ, అన్నీ కలిపి ఒకే మొత్తంగా పంపేయండి. అందులో అడ్వాన్సు ఎంతో ఆ తర్వాత తేల్చడం వాడివల్లా కాదు, మీవల్లా కాదు.

దిగేరోజు ఫోటోలు తీసుకోవాలి, తప్పదు. పొంగుతున్న పాలు, కొత్త గిన్నె, ఇంటావిడ పట్టుచీర అంచు బాగా రావాలి. హాలు గోడకు పట్టిన చెమ్మ, సింకు కింద కారే పైపు, బాత్రూం తలుపు అడుగున నానిపోయి ఊడిన చెక్క మాత్రం ఫోటోలో పడకుండా చూసుకోండి. శుభమా అని గృహప్రవేశం చేస్తూ దరిద్రం ఫోటోలెందుకు?

ఉన్నన్నాళ్ళూ చిన్నాచితకా రిపేర్లు మీరే చేయించండి. బిల్లులు పారేయండి.

ఖాళీ చేస్తున్నామన్న కబురు ఏదైనా పెళ్ళి భోజనాల దగ్గర, వడ్డించేవాడు మీ ఇద్దరి మధ్యకు వచ్చినప్పుడు చెప్పడం శ్రేష్ఠం. వాడు "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" మీకా, గోంగూరకా అన్నది తర్వాత తేలదు. నెల ముందు చెప్పలేదని ఓ నెల అద్దె పట్టుకుంటానంటాడు. చెప్పానని మీరు ప్రమాణం చేస్తారు.

ఆఖరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో జమ చేసుకోమనడం మన ఊళ్ళలో చాలామంది చేసేదే. ఇద్దరూ ముందు అనుకుని చేస్తే ఎవరికీ నొప్పి ఉండదు, అసలు గొడవే పుట్టదు. అందుకే మీరు చెప్పకుండా చెయ్యండి. ఒకటో తారీఖు వెళ్ళిపోయి ఐదో తారీఖు ఈఎంఐ కోత పడేటప్పుడు వాడికే అర్థమవుతుంది. వాడు అలిగాక ఆ అద్దె కట్టేయండి, లేకపోతే తర్వాత గొడవపడటానికి అడ్వాన్సే మిగలదు.

తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చేయండి. ఇద్దరూ కలిసి గది గదీ తిరిగి, ఇది పాతది, ఇది మావల్ల అయింది అని చూసుకుంటే అరగంటలో తెమిలిపోతుంది. కరెంటు మీటరు రీడింగు కూడా అప్పుడే రాసుకోవచ్చు. కానీ అలా తిరిగితే ఒకరినొకరు అనుమానించినట్టుండదూ?

ఇక కోతల ఘట్టం. ఇది చాలా ముఖ్యం. ఇల్లు మీ చేతిలో ఉన్నంతకాలం గోడల వంక కన్నెత్తి చూడని మీ మిత్రుడు, మీరు ఖాళీ చేసిన మర్నాడు పురావస్తు శాఖ వాళ్ళలా లోపలికి దిగుతాడు. పెయింటింగుకు పద్దెనిమిది వేలు. క్యాలెండరు మేకులు ఏడు, ఒక్కోదానికి పుట్టీ. చిమ్నీ జిడ్డు. దోమతెర చిరుగు. ఆ తెర మీరు వేయించిందే, అయినా చిరుగు చిరుగే. కోత మొత్తం ముప్ఫై ఏడు వేలని ఫోన్లో నోటిమాటగా చెబుతాడు. ఇక్కడ మీరు చెయ్యకూడని పని ఒకటుంది, మేస్త్రీ బిల్లు చూపించమనడం. ఇంకోటి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఎత్తడం. అద్దెకున్నవాడు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని అంటూనే, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలను అది మినహాయించింది. రెండేళ్ళు మనుషులు కాపురముంటే గోడ మాస్తుందని తెల్లదొరలకు కూడా తెలిసిందన్నమాట. ఈ సంగతి చెబితే మీవాడు "లాయరు భాష మాట్లాడుతున్నావేంట్రా?" అని బాధపడతాడు. కాబట్టి అలాగేనని తలూపి, ఇంటికొచ్చి మీ ఆవిడతో పోట్లాడండి.

వాడి వైపు కూడా న్యాయం కొంత ఉండొచ్చు. మీ పిల్లాడు హాలు గోడ మీద స్కెచ్ పెన్నుతో గీసిన డైనోసారు అరుగుదల కిందకు రాదు. దాని ఖర్చు ముందే ఒప్పేసుకుంటే మిగతా కోతల మీద మీ మాటకు బలం వస్తుంది. అంచేత ఒప్పుకోకండి. అది ముందునుంచే ఉందని వాదించండి. కింద మీవాడి పేరు, ఎల్‌కేజీ బి సెక్షన్ అని రాసున్నా సరే.

అడగడానికి మంచి రోజు చూసుకోవాలి. మంగళ, శుక్రవారాల్లో లక్ష్మిని గడప దాటించరు. అమావాస్య సరేసరి. ఆషాఢం శూన్యమాసం, టూలెట్ బోర్డు చూసి ఎవరూ ఫోను చెయ్యరు. కొత్తవాళ్ళు దిగి అడ్వాన్సిస్తే గానీ మీది రాదు, ఎందుకంటే మీరిచ్చింది వాడి లోను వాయిదాల్లో ఎప్పుడో కలిసిపోయింది. (చాలామంది ఓనర్ల వ్యవహారం ఇంతే. ఆ డబ్బు ఎక్కడో భద్రంగా ఉందనుకోవడం మన అమాయకత్వం.) శ్రావణంలో వాళ్ళింట్లో వ్రతం, భాద్రపదంలో పితృపక్షాలు, ఆ వెంటనే దసరా ఖర్చులు, దీపావళి, పుష్యంలో మళ్ళీ శూన్యమాసం. మిగిలిన రోజుల్లో ధైర్యంగా అడగండి. అప్పుడు ఫోను కలవదు.

నోరు తెరిచి సూటిగా అడగడం మోటుతనం. వాట్సాప్ స్టేటస్‌లో నమ్మకద్రోహం మీద సూక్తులు పెట్టండి, వెనక సూర్యోదయం ఉండాలి. వాడు తప్ప మీ అత్తగారు, మీ మేనేజరు, మీ పాత ట్యూషన్ మాస్టారు అందరూ చూసి ఎవరికి వారు తమనే అన్నారనుకుంటారు. దానికీ లొంగకపోతే బ్యాచ్ గ్రూపులో పెట్టండి. నలుగురు దండాల బొమ్మలు పెడతారు, ఒకడు "మీరిద్దరూ పర్సనల్‌గా మాట్లాడుకోండి మామా" అంటాడు, ఇంకొకడు ఎవరిదో పుట్టినరోజు కేకు పెడతాడు. అదీ కాకపోతే మీ ఆవిడ చేత వాళ్ళావిడకు ఫోను చేయించండి. "వదినా, ఆ యాభైవేల సంగతి అన్నయ్యగారు మర్చిపోయినట్టున్నారు" అని ఈవిడ అంటుంది. "ఏ యాభైవేలు?" అని ఆవిడ అంటుంది. ఆ రాత్రి గొడవ వాళ్ళింట్లో.

రాతపూర్వకంగా మాత్రం అడగొద్దు. "ఫలానా తేదీన ఇంత ఇచ్చాను, కోతల బిల్లు పంపితే చూస్తాను, మిగతాది ఈ నెలాఖరుకు వేసెయ్యరా" అని వాట్సాప్‌లో మర్యాదగా రాశారనుకోండి, వాడు "సరేరా, వచ్చే నెల సర్దుతా" అని జవాబిస్తాడు. అది సాక్ష్యమై కూర్చుంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కింద తగిన సర్టిఫికెట్ జతచేసి కోర్టు ముందు పెట్టుకోవచ్చు. స్నేహితుడి మీద అంత పని చేస్తారా?

చదువుకున్న బంధువొకాయన మీకు 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టం గురించి చెబుతాడు. కాపురముండే ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదనీ, ఇల్లు అప్పగించిన రోజునే రావలసినవి మినహాయించుకుని మిగతాది ఇచ్చేయాలనీ అందులో ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే చెల్లుతుంది. ఆయనకు కాఫీ ఇచ్చి పంపండి.

అంతకన్నా ప్రమాదకరమైన మనిషి ఇంకొకాయన ఉంటాడు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళమంటాడు. అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కేసు వెయ్యకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలుండదు, కోర్టు ఫీజుండదు. ఇద్దరు స్నేహితులు పరువుగా బయటపడటానికి ఇంత తేలికైన దారి నాకు ఇంకోటి కనబడలేదు. కాబట్టి అటు వెళ్ళకండి. కార్పొరేటరుగారి బావమరిది తెలుసన్నవాడిని పట్టుకోండి. వాడి పెట్రోలుకు, టిఫిన్లకు మీరే పెట్టుకోవాలి.

చివరిగా కావలసింది ఓపిక. "వాడే ఇస్తాడులే" అనుకుంటూ కూర్చోండి. ఇలాంటి డబ్బు కోసం దావా వెయ్యడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మామూలుగా మూడేళ్ళు. ఆ లోపల వాడు బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి, అందుకని సంతకం అడగకండి. మూడేళ్ళు నిండాక ఆ యాభైవేలూ వాడివే.