కాంపౌండరు గారిని ఎవరి చేతికి కట్టాలి?

మామూలు వాచీ మంచిదా, స్మార్ట్‌వాచీ మంచిదా అన్న వాదన మొదలైతే ఇరుపక్షాలవాళ్ళూ ముందుగా పట్టుకునేది టైమునే. సెకను తేడా లేకుండా చెబుతుందని ఒకరు, ఛార్జింగ్ అయిపోతే అసలే చెప్పదని ఇంకొకరు. ఇద్దరి జేబుల్లోనూ సెల్‌ఫోను ఉంటుంది, అందులో టైము ఉంటుంది, కాబట్టి ఈ తగాదాకి వాచీలతో పనే లేదు. అయినా మనకి టైము ఎంత కచ్చితంగా కావాలి? భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆంధ్రప్రదేశ్ మీదుగానే వెళ్ళి బంగాళాఖాతంలో దిగుతుంది. దేశానికంతటికీ టైమిచ్చే గీత మన ఊళ్ళ పక్కనుంచే పోతున్నా, సాయంత్రం ఆరింటి సభ ఏడున్నరకి మొదలుకావడాన్ని అది ఏనాడూ ఆపలేకపోయింది. మనవాళ్ళు పట్టుబట్టి టైము చూసేది పెళ్ళి ముహూర్తానికే. ఘడియంటే 24 నిమిషాలు, విఘడియంటే 24 సెకన్లు. పదిహేడు జ్యూయెల్స్ ఉన్న పాత హెచ్ఎంటీ జనతాకి రోజూ కీ ఇస్తూ బాగా చూసుకుంటే రోజుకి ఏ ఇరవై ముప్ఫై సెకన్లో తేడా వస్తుంది. అంటే పంచాంగం లెక్కలో సుమారు ఒక విఘడియ. మూడుముళ్ళ మధ్యలో వీడియో అబ్బాయి "బాబూ, చెయ్యి అలాగే ఉంచి ఇటు చూడండి" అన్నాడంటే అంతకు ఐదింతలు హరించుకుపోతుంది. పురోహితుడే ఊరుకున్న తేడాకి మనం కొట్టుకోవడం దేనికి?

పైగా సెకన్ల పోటీ ఎప్పుడో ముగిసింది. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో కంపెనీ మొట్టమొదటి క్వార్ట్జ్ చేతిగడియారాన్ని నాలుగున్నర లక్షల యెన్లకి అమ్మకానికి పెట్టింది. అప్పట్లో ఆ డబ్బుకి కారొచ్చేది. ఇవాళ అదే సూత్రంతో పనిచేసే వాచీ కోఠి ఫుట్‌పాత్ మీద కూడా దొరుకుతుంది. అందులో సెకనుకి 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం ఉంటుంది. ఇరవై వేల స్మార్ట్‌వాచీ పొట్ట కోసినా టైము లెక్కపెడుతూ కనిపించేది అలాంటి స్ఫటికమే. కాకపోతే స్మార్ట్‌వాచీ మధ్యమధ్యలో ఫోనునడిగి టైము సరిచేసుకుంటుంది. ఇంత తెలివి ఉండి కూడా, ఆపిల్ కంపెనీ తన వాచీకి చాలాకాలం చెబుతూ వచ్చిన బ్యాటరీ ఆయుష్షు 18 గంటలు. కాలం చెప్పే వస్తువుని తయారుచేసేవాళ్ళు రోజుకి ఎన్ని గంటలో ముందు కనుక్కుని ఉంటే బాగుండేది.

అందుకే స్మార్ట్‌వాచీని వాచీ అనుకుని తూచడమే పొరపాటని నా అభిప్రాయం. అది చేతికి కట్టుకున్న కాంపౌండరు. చిన్న ఊళ్ళలో డాక్టరు గారి గది బయట స్టూలు మీద కూర్చునే కాంపౌండరు గారిని తలుచుకోండి. నాడి పట్టుకుంటాడు, చీటీ మీద అంకెలు రాస్తాడు, అడగకపోయినా నాలుగు సలహాలు పారేస్తాడు, డాక్టరు లేనప్పుడు తానే డాక్టరు. స్మార్ట్‌వాచీ కూడా అంతే. నాడి చూస్తుంది, నిద్ర చూస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది, గంటసేపు కూర్చుంటే లేచి నిలబడమంటుంది. కొన్నయితే "ఒకసారి ఊపిరి పీల్చుకోండి" అని కూడా గుర్తుచేస్తాయి. ఎవరూ చెప్పకుండానే తరతరాలుగా పీల్చుకుంటూ వచ్చిన జాతి మీద ఇదొక కొత్త అనుమానం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఏది మంచి గడియారం అని కాదు. ఈ కాంపౌండరుకి పని ఎంతవరకు వచ్చు, ఎవరింట్లో ఇతని అవసరం ఉంది అని.

పని సంగతి ముందు చూద్దాం. వాచీ అడుగున మిణుకుమనే ఆకుపచ్చ లైటు చర్మం మీద పడుతుంది. ఆకుపచ్చ కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది కనుక, గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం పెరిగి తగ్గే కొద్దీ తిరిగొచ్చే వెలుగు మారుతుంది. ఆ మార్పుల్ని లెక్కపెట్టి నాడి చెబుతుంది. ఉపాయం మంచిదే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాలని పరీక్షిస్తే, ఆరు పరికరాలు నాడిని ఐదు శాతం లోపు తేడాతో చెప్పాయి. అక్కడిదాకా మార్కులు వెయ్యచ్చు. ఖర్చయిన కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా బుద్ధిమంతురాలు 27 శాతం తప్పింది, ఆఖరిది 93 శాతం తప్పింది. వాచీ ఐదొందల కేలరీలు కరిగాయంది కదా అని దారిలో రెండు మిరపకాయ బజ్జీలు అదనంగా తినే పెద్దమనిషి ఎవరి మాట నమ్ముతున్నాడో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు. చైనాలో కొందరు ఆ మధ్య బాత్రూము కాగితం చుట్టకి బ్యాండు తొడిగి చూస్తే, చుట్టకి కూడా నాడి ఆడుతోందని తేలింది. కాగితం నుంచి తిరిగొచ్చిన వెలుగులో కూడా పాపం ఏదో లయ వెతుక్కుంది. రోగి లేకపోయినా చీటీ రాయకుండా ఉండలేని కాంపౌండర్లు ఉంటారు.

ఇక పదివేల అడుగుల కథ. పొద్దున్నే పార్కులో "ఇంకా పన్నెండొందలు తక్కువున్నాయి" అంటూ గేటు దగ్గర గిరగిరా తిరిగేవాళ్ళు, ఆ పదివేలు ఏ వైద్య గ్రంథంలోనో ఉందనుకుంటారు. అది పుట్టింది టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో, ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పెట్టుకున్న పేరులోంచి. గుండ్రని అంకె గదా, అమ్ముడుపోయింది. 2019లో సగటున 72 ఏళ్ళున్న పదహారువేల పైచిలుకు అమెరికన్ మహిళలని గమనించిన అధ్యయనంలో, రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్ళలోనే మరణాలు గణనీయంగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. అంటే కూరగాయల మార్కెట్టుకి నడిచి వెళ్ళి, వంకాయలు బాగాలేవని రెండో కొట్టుకి కూడా వెళ్ళొచ్చే పెద్దావిడ ఏ వాచీ లేకుండానే లెక్క దాదాపు పూర్తిచేస్తోంది.

"అంకెలు తప్పయితేనేం, కదిలిస్తుంది కదా" అంటారు స్మార్ట్‌వాచీ తరఫువాళ్ళు. ఈ మాటలో నిజం లేకపోలేదు. అంతకు ముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఆస్ట్రేలియా పరిశోధకులు, ఇలాంటి పరికరాలు వాడేవాళ్ళు రోజుకి సుమారు 1,800 అడుగులు ఎక్కువ నడుస్తున్నారని 2022లో తేల్చారు. బరువు తగ్గడం మాత్రం ఒక కిలో దగ్గర ఆగింది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 2016లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు బరువెక్కువున్న 471 మంది యువతకి రెండేళ్ళపాటు ఆహారం, వ్యాయామాల మీద సలహాలిచ్చి, సగం మందికి అదనంగా చేతి దండకి కట్టుకునే పరికరం ఇచ్చారు. పరికరం లేనివాళ్ళు 5.9 కిలోలు తగ్గారు. ఉన్నవాళ్ళు 3.5 కిలోలు. యంత్రం నడక చూసుకుంటోంది కదా, మనం పూరీ సంగతి చూసుకుందాం అనుకున్నారేమో, పరిశోధకులకే సరైన కారణం తెలియలేదు. నన్నడిగితే, అయిదింటికల్లా గేటు కొట్టి "ఏం సార్, ఇంకా లేవలేదా" అనే పక్కింటాయన ఉన్నవాడికి ఈ పరికరం అనవసరం. అలాంటి పక్కిల్లు లేనివాడికి 1,800 అడుగులు నష్టమేమీ కాదు.

కాంపౌండరు నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. గుండెలోని కర్ణికలు లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకోవడాన్ని డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. దానివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. చాలామందికి లక్షణాలే ఉండవు, డాక్టరు దగ్గరికి వెళ్ళిన పది నిమిషాల్లో అది బయటపడాలనీ లేదు. రోజంతా చెయ్యి వదలని పరికరానికి మాత్రం దొరికే అవకాశం ఉంది. ఆపిల్ వాచీ కట్టుకున్న 4,19,297 మందితో జరిగిన అధ్యయనం 2019 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వాళ్ళలో 2,161 మందికి లయ తప్పుతోందన్న హెచ్చరిక వెళ్ళింది. ఛాతీకి ఈసీజీ పట్టీ అంటించి సరిచూస్తే, హెచ్చరిక వచ్చిన సమయాల్లో నూటికి 84 సార్లు లయ నిజంగానే తప్పి ఉంది. ఇక వయసులవారీగా చూడండి. నలభై లోపువాళ్ళలో హెచ్చరిక అందినవాళ్ళు వెయ్యికి ఇద్దరు కూడా లేరు. 65 దాటినవాళ్ళలో వందకి ముగ్గురున్నారు. అదే వాచీలో మనిషి పడిపోతే పసిగట్టి, లేవకపోతే ఫోను చేసే ఏర్పాటు 2018లో వచ్చింది. అది 55 ఏళ్ళు దాటినవాళ్ళకి దానంతటదే ఆన్ అవుతుంది, కుర్రాళ్ళయితే వెతుక్కుని ఆన్ చేసుకోవాలి. ఇది ఎవరికి అవసరమో తయారుచేసినవాళ్ళకే తెలుసన్నమాట.

తెలియనిది కొనేవాళ్ళకి. మన ఊళ్ళలో స్మార్ట్‌వాచీ ఎవరి చేతికి కనిపిస్తుంది? గుండె గుర్రంలా ఉన్న పాతికేళ్ళ కుర్రాడికి. వాళ్ళ నాన్నగారు, బీపీ మాత్ర వేసుకుని బాత్రూములో గోడ పట్టుకుని నడిచే మనిషి, హెచ్ఎంటీకి కీ ఇచ్చుకుంటూ ఉంటాడు. కాంపౌండరు రోగిని వదిలేసి పహిల్వాను ఇంట్లో డ్యూటీ చేస్తున్నాడు. పనిలేని కాంపౌండరు ఏం చేస్తాడు, ఊరి కబుర్లు మోస్తాడు. పెద్దమ్మ గారి వాట్సాప్ శుభోదయం, లోను ఇస్తామనే బ్యాంకు, బిర్యానీ మీద అరవై శాతం తగ్గింపు, అన్నీ మణికట్టు మీద కొట్టి మరీ చెబుతాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పాత సంగీత గడియారం ఉంది. గంట గంటకీ అందులోంచి బుల్లి మనిషి వచ్చి ఎంత టైమైతే అన్ని సార్లు గంట కొట్టి పోతాడు. అది చూడ్డానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు. గంటకొక్కసారే పలుకుతాడు కాబట్టి అతనికి అంత మర్యాద. నిద్ర సంగతయితే మరీను. వాచీ చెప్పే నిద్ర మార్కుల మీద బెంగపెట్టుకుని నిద్ర పాడుచేసుకుంటున్నవాళ్ళ గురించి అమెరికా నిద్ర వైద్యులు 2017లోనే రాశారు. లాబొరేటరీలో పడుకోబెట్టి "మీరు గాఢంగా నిద్రపోయారు" అని చెప్పినా, వాచీ కాదంటోందే అని అడిగారట.

కొత్తదాన్ని ఇలా ఎద్దేవా చెయ్యడం పాత చాదస్తమేనన్న ఆక్షేపణ ఒకటుంది. నిజమే. చేతిగడియారం వచ్చిన కొత్తలో అది ఆడవాళ్ళ గాజులాంటి నగ అని మగవాళ్ళు నవ్వారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో సిపాయిలకి జేబులోంచి గొలుసు లాగే తీరిక లేకపోయాకే మగచేతికెక్కింది. పాత వాచీలు చిరంజీవులూ కావు. 1961లో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీలకి 2016లో కేంద్ర ప్రభుత్వం మూసివేత ఉత్తర్వు ఇచ్చింది. సీకో సాంకేతిక సహకారంతో హైదరాబాద్ ఆల్విన్ చేసిన వాచీలు ఇప్పుడు పాతసామాను ప్రేమికుల దగ్గరే ఉన్నాయి. అయితే కంపెనీ పోయినా ఆ వాచీ ఆడుతుంది. పుష్యరాగాలు పొదగకపోయినా అల్లుడికి పెట్టిన వాచీ మనవడి దాకా వస్తుంది. ఆపిల్ 2015లో 18 క్యారెట్ల బంగారంతో పదివేల డాలర్లు మొదలుకొని ఒక వాచీ అమ్మింది. అప్పటి మారకంలో ఆరు లక్షల పైమాట. 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేరు దానికి ఎక్కలేదు. మన ఇళ్ళల్లో 18 క్యారెట్లంటేనే మొహం చిట్లిస్తారు, మూడేళ్ళకే పాతబడే బంగారమంటే మేనమామలు కూడా పెట్టరు.

ఇంకో ఆక్షేపణ, పెద్దవాళ్ళకి అది వాడటం రాదని. వాట్సాప్‌లో రోజుకి ముప్ఫై ఆరోగ్య చిట్కాలు పంపే తరానికి ఆ అనుమానం అక్కర్లేదు. చౌక రకాలతో మాత్రం జాగ్రత్త కావాలి. సూది గుచ్చకుండా షుగరు చెబుతామనే వాచీల్ని, ఉంగరాల్ని నమ్మొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి పరికరం దేనికీ తాము అనుమతివ్వలేదని కూడా చెప్పింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఈసీజీకి వైద్యపరమైన అనుమతి ఉన్న రకమైతేనే నాన్నగారికి కొనండి, హెచ్చరిక వస్తే గూగుల్ దగ్గరికి కాకుండా గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

కాబట్టి నా తీర్పు ఇది. మీ చేతికున్న స్మార్ట్‌వాచీ అలాంటి అనుమతి ఉన్నదైతే ఈ ఆదివారం విప్పి నాన్నగారికో అమ్మగారికో కట్టండి, ఆయన హెచ్ఎంటీ అడిగి మీరు పెట్టుకోండి. వాట్సాప్, బ్యాంకు, బిర్యానీ నోటిఫికేషన్లన్నీ ఆపేసి ఇవ్వండి. ఛార్జింగ్ పెట్టే పని మాత్రం ఆయన మీద వదలకండి. పడిపోతే కబురు వెళ్ళాల్సిన చోట మీ నంబరే రాయండి, ఆ ఫోను వచ్చినప్పుడు మీటింగులో ఉన్నా సరే ఎత్తండి.