నోరు మెదిపితే ఫెయిల్

ఇంట్లో కూర్చుని కెమెరా ముందు రాసే ఆన్‌లైన్ పరీక్షలకు కొన్ని నియమాలుంటాయి. గదిలో రెండో మనిషి ఉండకూడదు. ప్రశ్నను పైకి చదవకూడదు. చూపు తెర మీంచి పక్కకు మళ్లకూడదు. పెదవులు కదిలాయంటే అవతల కాపలా ఉన్న సాఫ్ట్‌వేర్‌కు అనుమానం వస్తుంది. లెక్కల పరీక్షకైతే ఇవన్నీ సబబే. ఇదే పద్ధతిలో ప్రసంగ కళకు పరీక్ష పెట్టారనుకోండి. ‘సభలో వక్త చూపు ఎటు ఉండాలి?’ అని ప్రశ్న. నేల మీద, కాగితం మీద, శ్రోతలందరి మీద, గడియారం మీద అని కింద నాలుగు జవాబులు. అభ్యర్థి కళ్లు తెరకు అతికించి, పెదవులు బిగబట్టి, తనొక్కడే ఉన్న గదిలో మూడో జవాబు నొక్కుతాడు. మార్కు పడుతుంది. చదివిందాన్ని పాటిద్దామని తలెత్తి శ్రోతల కోసం చూశాడో, కాపీ కొడుతున్నాడని పట్టుకుంటారు.

మాట్లాడటం నేర్పే ఇలాంటి ఆన్‌లైన్ కోర్సు ఎవరికి కావాలో తెలియాలంటే శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ వైపు వెళ్లాలి. చుట్టుపక్కలంతా జీనోమ్ వ్యాలీ. టీకాలూ మందులూ తయారుచేసే కంపెనీలు, షిఫ్టుల బస్సులు, అద్దె గదులు. డిగ్రీ ఉంది, చేతిలో పని ఉంది, ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే గొంతు పూడుకుపోతుంది. అలాంటి కుర్రాళ్లకూ అమ్మాయిలకూ ఫోన్లో దొరికే కమ్యూనికేషన్ కోర్సే దిక్కు. అదే మండలంలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులు మూట్ కోర్టు అనే నమూనా కోర్టులో నిలబడి, వాదన మధ్యలో జడ్జీలు అడ్డం పడి అడిగే ప్రశ్నలకు తడుముకుంటూ జవాబు చెప్పి నేర్చుకుంటారు. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కించి లాయర్ని చేద్దామని అక్కడ ఎవరూ అనరు. ఫీజు కట్టగలిగినవాడికి ఎదుట మనిషి, కట్టలేనివాడికి ఎదుట ఫోను. ఒకే మండలంలో మాట్లాడే చదువు రెండు తరగతులుగా ఇలా చీలింది.

దూరవిద్యను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఈ దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రామిరెడ్డి ఆ తర్వాత 1985లో ఇగ్నోను నిలబెట్టడానికి ఢిల్లీ వెళ్లారు. ఇంటర్ పాసు కాకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చని తలుపు తీసిన సంస్థ అది. ఆ తలుపులోంచి నడిచిన కండక్టర్లు, గుమస్తాలు, పెళ్లయ్యాక చదువు ఆగిన ఆడవాళ్లు ఎందరో! కాకపోతే ఆ ఏర్పాటు చేసినవాళ్లు పోస్టులో పుస్తకాలు పంపి చేతులు దులుపుకోలేదు. స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టారు. అంతకుముందే బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ సైన్సు విద్యార్థుల ఇళ్లకు మైక్రోస్కోపుతో సహా ప్రయోగ సామగ్రి పెట్టెలు పంపింది, వేసవి బడులకు రప్పించింది. పాఠాన్ని దూరం పంపవచ్చు, దాన్ని సాధన చేసే వస్తువును మాత్రం దగ్గరకు చేర్చాలి అన్నది వాళ్ల లెక్క. కెమిస్ట్రీకి ఆ వస్తువు గాజు నాళిక. ప్రసంగానికి అది వినే మనిషి. దాన్ని పార్శిల్ చేయడం కుదరదని తేలగానే మనవాళ్లు ఆ వస్తువునే సిలబస్ నుంచి ఎత్తేశారు.

ఇక్కడ ఏకలవ్యుణ్ని తెచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బొమ్మ ముందు నేర్చుకుని అర్జునుణ్ని మించలేదా అంటారు. మించాడు. అయితే గురువు ఒక్కడే బొమ్మ, విల్లు నిజమైనదే, గురి నిజమైనదే. ఇంతకీ అతని విద్య లోకానికి ఎలా తెలిసింది? మొరుగుతున్న కుక్క నోట్లోకి ఏడు బాణాలు కొట్టి దాని నోరు మూయించడం వల్ల. దూరవిద్యలో తొలి ప్రాక్టికల్ పరీక్ష ఒక నోరు మూయించడమేనని భారతం చెబుతుంటే, మన కోర్సులు ఆ సంప్రదాయాన్ని ఇంత శ్రద్ధగా కాపాడుతున్నందుకు మెచ్చుకోవాల్సిందే.

ఎదురుగా కూర్చోబెట్టే కాలేజీలు మాత్రం ఏం ఉద్ధరిస్తున్నాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అరవై మంది ఉన్న తరగతి, యాభై నిమిషాల పీరియడ్. హాజరు తీసుకోకుండా, లెక్చరర్ ఒక్క ముక్క మాట్లాడకుండా ఉన్నా ఒక్కొక్కరికి దక్కేది యాభై సెకన్లు. అందులో ‘గుడ్ మార్నింగ్ ఆల్’కు పోయేది పోగా మిగిలింది విషయం. ఒప్పుకుంటాను. అయినా ఆ యాభై సెకన్లలో వెనక బెంచీ నవ్వుతుంది, ముందు బెంచీ ఆవలిస్తుంది, ఎవరో కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. నేర్పేది ఆ ఆవలింతే. స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితంగా ఇచ్చే పాఠాలు నిజంగా మంచివి. వాటికి తలవంచి దండం పెట్టవచ్చు. మార్కుల దగ్గరికొచ్చేసరికి వారం వారం అసైన్‌మెంట్లకు 25, సెంటర్లో కంప్యూటర్ ముందు రాసే పరీక్షకు 75. వందకు వంద వచ్చినా ఆ వందలో ఎక్కడా మీరు దగ్గాల్సిన పని కూడా లేదు.

సిద్ధాంతం ముందు వంటబట్టాలి, మాట్లాడటం తర్వాత వస్తుంది అనే వాదనా ఉంది. మేడ్చల్ ఆర్టీఏ ఆఫీసు కూడా సరిగ్గా ఇదే నమ్ముతుంది. కంప్యూటర్ మీద బొమ్మలు చూపించి, సరైన జవాబులు నొక్కితే లర్నింగ్ లైసెన్స్ ఇస్తుంది. ఆరు నెలల గడువు పెట్టి, బండికి ‘ఎల్’ తగిలించమంటుంది. అసలు లైసెన్స్ కావాలంటే ట్రాక్ మీద బండి నడిపి చూపించాల్సిందే. రవాణా శాఖకు తట్టిన ఈ తేడా విద్యాశాఖకు తట్టడానికి ఇంకెన్నాళ్లు పట్టాలి? పట్టా మీద వక్త ఫొటో పక్కన ఎర్రగా ఒక ‘ఎల్’ ముద్రిస్తే నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు ఈ విషయంలో కొంత నయం. 2023-24 నుంచి ఇంగ్లిషులో 20 మార్కులు ప్రాక్టికల్స్‌కు పెట్టింది. పదహారేళ్ల పిల్లలకు నోరుందని ప్రభుత్వం గుర్తించింది. పెద్దవాళ్ల వంతు రావాలి.

సిగ్గరులకు గదిలో ఒంటరిగా రికార్డు చేసుకోవడమే మేలని ఇంకో మాట. మొదటి వారానికి మేలే. తప్పు దొర్లితే చెరిపేసి మళ్లీ చెప్పవచ్చు. పదో వారానికి కూడా చెరిపేసుకుంటూ కూర్చుంటే, చెరపడానికి వీల్లేని ఇంటర్వ్యూ గదిలో ఏమవుతుంది? ఇప్పుడు వినే యాప్‌లు కూడా వచ్చాయి, మీరు ఎన్నిసార్లు నసిగారో లెక్క చెబుతాయి. యాప్‌కు విసుగు రాదు. విసుగు రానివాణ్ని ఒప్పించి ఏం లాభం? బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఊరికే నిలబడరు. ఒకడు హాస్యమాడతాడు, ఒకడు లోకం సంగతి ఎత్తుతాడు, కథ ఎక్కడ చతికిలబడుతోందో వాళ్లకు ముందు తెలుస్తుంది. అంతదాకా ఎందుకు, ఏ కోర్సూ చదవని మన రాజకీయ నాయకులకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. వినే జనం లేకపోతే ఉపన్యాసం లేదని గ్రహించారు కాబట్టే బస్సులు పెట్టి, బిర్యానీ పొట్లం ఇచ్చి మరీ శ్రోతల్ని తెప్పించుకుంటారు. విశ్వవిద్యాలయాలకు అంత బడ్జెట్ లేకపోవచ్చు, కనీసం ఆ జ్ఞానం ఉండాలి.

అమెరికాలో ఆన్‌లైన్ ప్రసంగ కోర్సులు నడిపే కాలేజీలు కొన్ని ఈ చిక్కును చవకగా తేల్చుకున్నాయి. శ్రోతల్ని నువ్వే తెచ్చుకో, కొద్దిమంది పెద్దవాళ్లు కూర్చుని వింటున్నట్టు కెమెరాలో కనిపించాలి, మధ్యలో ఆపకుండా వీడియో తీసి పంపు, అంటాయి. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఓ ఐదుగురు దొరకరా? షిఫ్టు దిగిన ఐదుగురు గదిలోనే ఉంటారు. ఇదివరకైతే రెండు నెలలకోసారి జరపాలని చట్టం పెట్టిన గ్రామసభ ఉండేది. మంచినీళ్ల గురించి మూడు నిమిషాలు మాట్లాడి, మధ్యలో అడ్డొచ్చినవాడికి జవాబు చెప్పి బయటపడితే అంతకన్నా గట్టి పరీక్ష లేదు. ఈ జిల్లాలో పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిసిపోయాక ఆ సెంటర్ కూడా మూతపడినట్టే. కాబట్టి అద్దె గదిలో ఐదుగురి పద్ధతే మనకూ గతి. అది అమలు చేస్తే మనవాళ్లు ఎలా చేస్తారో ఊహించడం కష్టం కాదు. ఆ ఐదుగురూ నిజమైన శ్రోతలేనని గెజిటెడ్ అధికారి సంతకం తెమ్మంటారు. దాని కోసం అభ్యర్థి ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగి, అటెండర్ను బతిమాలి, గుమస్తాకు నచ్చజెప్పి, సారు భోజనానికి లేచే లోపు రెండు నిమిషాల్లో తన సంగతంతా తడబడకుండా విన్నవించుకుంటాడు. సంతకం పడిందంటే వీడియో చూడకుండానే డిస్టింక్షన్ ఇచ్చేయవచ్చు.