మెయిల్ మారిన మర్నాడు పాటించవలసిన నియమాలు

ఆఫీసు మెయిల్ పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి మారింది. ఫోన్లో చక్కగా వస్తోంది. బల్ల మీది కంప్యూటర్లో ఔట్‌లుక్ తెరిస్తే మాత్రం చిన్న పెట్టె ఒకటి లేచి పాస్‌వర్డ్ అడుగుతోంది. ఇలాంటప్పుడు మనమంతా చేసే పనులనే వరసగా రాసి పెడుతున్నాను.

1. తెర మీది సందేశం చదవకండి. అది ఉన్నది మూసేయడానికి. ఎవరైనా ఏమొచ్చిందని అడిగితే "ఏదో ఎర్రరండీ" అంటే చాలు.

2. అదే పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి, ఈసారి గట్టిగా. దీనికో పద్ధతి ఉంది. మొదటిసారి మామూలుగా కొడతాం. రెండోసారి ఒంటివేలితో, ఒక్కో అక్షరం పైకి అనుకుంటూ. మూడోసారి ఎంటర్ మీద పడేది వేలు కాదు, కోపం. నల్లచుక్కలు బారు తీరతాయి, పెట్టె మూసుకుంటుంది, హమ్మయ్య అనుకునేలోగా అదే పెట్టె అదే చోట మళ్లీ లేస్తుంది. బ్రౌజర్లో ఇదే పాస్‌వర్డ్ పనిచేస్తోంది కదా అని మన వాదన. వాదన నిజమే. కానీ ఔట్‌లుక్ ఇంకా పాత సర్వర్‌నే అడుగుతుండవచ్చు. లేదా విండోస్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ పాత పాస్‌వర్డునే దాచిపెట్టి అందిస్తుండవచ్చు. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఉంటే, చాలాచోట్ల యాప్ పాస్‌వర్డ్ విడిగా పుట్టించుకోవాలి. జీమెయిల్లో అది 16 అక్షరాలు. మామూలు పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాములు లోపలికి రావడాన్ని వ్యక్తిగత ఖాతాల్లో గూగుల్ 2022 మే చివర్లో, మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ఆపడం మొదలుపెట్టాయి. సరైన పాస్‌వర్డ్ కూడా చెల్లని కాలం ఇది. అయినా సరే, ఇంకోసారి కొట్టి చూడండి.

3. సర్వర్ పేరు ఊహించి రాయండి. కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 అక్టోబరులో తన మెయిల్ జోహోకు మార్చుకున్నట్టు ప్రకటించారు కదా, ఆ ఉదాహరణే తీసుకుందాం. జోహోలో మన దేశపు ఖాతాలకు సర్వర్ పేరు చివర డాట్ ఇన్, అమెరికా ఖాతాలకు డాట్ కామ్. సొంత డొమైన్ ఉన్న ఆఫీసు ఖాతాలకు ఆ పేరు మొదటి భాగమే వేరు. వెబ్ సెట్టింగుల్లో, బయటి ప్రోగ్రాములకు ఉత్తరాలు అందించే ఐమ్యాప్ ఆన్ చేసి ఉందో లేదో కూడా చూడాలి. ఇదంతా చూసే ఓపిక ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లమా?

4. మెయిళ్లు వస్తున్నాయి గానీ పోవడం లేదా? సగం బాగైనట్టే, టీకి వెళ్లండి. రాకకు 993, పోకకు 587 లేదా 465 అనే పోర్టు నంబర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

5. యాంటీవైరస్‌ను తిట్టండి.

6. పాత ఖాతా వెంటనే పీకేయండి. ఈ ఒక్కచోట వేళాకోళం ఆపుతాను: దయచేసి పీకకండి. ఐమ్యాప్ ఖాతాలో ఉత్తరాల అసలు కాపీ పాత సర్వర్ మీదే ఉంటుంది. పాత కంపెనీకి కట్టే డబ్బు ఆగిందంటే అవీ పోతాయి. ముందుగా ఉత్తరాలను ఔట్‌లుక్ నుంచి పీఎస్టీ ఫైలులోకి ఎగుమతి చేసుకోండి.

7. చుట్టాల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఫోన్ చేయండి, వాడి ఆఫీసు వేళల్లోనే.

"మామయ్యా, స్క్రీన్ మీద ఏముందో చదువు."

"ఏదో వచ్చిందిరా, మూసేశాను."

తెర మీది ఆ రెండు వరసలు చదవడానికి అరనిమిషం పట్టదు. కానీ చదివితే పని మన నెత్తిన పడుతుంది; చదవనంత సేపూ తప్పు కంప్యూటర్‌ది.

8. ఎలాగోలా తెరుచుకుందా? "గుర్తుంచుకో" గడిలో టిక్ పెట్టి, పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోకుండా, నిశ్చింతగా మరచిపోండి.