ముప్పై సెకన్ల మౌనానికి టీకా తాత్పర్యం

మూలము: "వ్యాసపీఠంపై విరాజమానులైన మాన్యవరుల సత్కారం అయింది గనుక, ఇక సమయాభావం వల్ల, కైలాసవాసి గారికి రెండు నిమిషాల మౌనం ముప్పై సెకన్లల్ల ముగిద్దాం."

అవతారిక: ఇది నాందేడులో, ఇత్వారా దగ్గరి ఒక మంగళ కార్యాలయంలో, మా మామ సంతాపసభనాడు సూత్రసంచాలకుడు మైకులో పలికిన వాక్యం. పెళ్ళిళ్ళ హాలు కనుక వెనక గోడకు థర్మాకోల్ నెమళ్ళు అలాగే ఉన్నాయి. వాక్యం వినగానే నాకు నవ్వొచ్చింది. దాన్ని ఆపుకోవడమే ఈ టీకకు ప్రయోజనం. సంతాపసభలో రెండో వరుసలో కూర్చుని చెంప లోపలివైపు కొరుక్కున్న ప్రతివాడూ దీనికి అధికారి.

వ్యాసపీఠము: మరాఠీలో సభావేదిక. పీఠం ఒకటి, వ్యాసులు పదకొండుమంది. గంటం ఆగకుండా చెప్పాలని వ్యాసుడికి వినాయకుడు షరతు పెడితే, అర్థం చేసుకోకుండా రాయకూడదని వ్యాసుడు తిరిగి షరతు పెట్టాడంటారు. మా సూత్రసంచాలకుడు మొదటిదాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు.

విరాజమానులు: సుగమం. (టీకాకారులు ఎక్కడ సుగమమంటారో చదువుకున్నవాళ్ళకు తెలుసు. నాకు అర్థంకాని ప్రతిచోటా ఆ మాటే ఉండేది.)

మల్లినాథసూరి అలా తప్పించుకునే మనిషి కాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసు మీద కూర్చున్నాడు. ఆయనది మెతుకుసీమ కొలిచెలమ, ఇప్పటి కొల్చారం. ఆ సీమ మీదుగా పారే మంజీర ఉత్తరానికి మళ్ళి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి అప్పటికే నాందేడు దాటి వస్తుంది. అంటే మల్లినాథుడి నీళ్ళూ మా నీళ్ళూ కలుస్తాయి గాని, మా ఊరికి దిగువన కలుస్తాయి. అక్కర్లేనిది చెప్పకూడదన్న నియమం మా మైకుదాకా రాకపోవడానికి భౌగోళిక కారణం ఇదే. నీరు ఎదురెక్కదు.

సత్కారము: శాలువా, శ్రీఫలము. అమరకోశంలో శ్రీఫలమంటే మారేడు. ఇక్కడ కొబ్బరికాయ. మాన్యవరులకు తలా ఒక మారేడుకాయ ఇచ్చి ఉంటే అమరసింహుడు సంతోషించేవాడు, సభ ఇంకా సంతోషించేది.

శాలువా సంగతి వేరు. మామ యాభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికినవాడు. బట్టను రెండువేళ్ళ నడుమ నలిపి పడుగెంతో పేకెంతో చెప్పేవాడు. ఆయన పేరు మీద పంచిన పదకొండు శాలువాల్లో నూలుపోగు ఒక్కటి లేదు. అధ్యక్షులవారి భుజం మీద దానికి ధర చీటీ కూడా తియ్యలేదు, నూటనలభై. ఆయన "ఆత్మ" అన్నప్పుడల్లా చీటీ ఊగింది. "అవినాశి" అన్నప్పుడు రెండుసార్లు ఊగింది.

పదకొండు సత్కారాలకు యాభై నిమిషాలు పట్టింది. మామ ఫొటోకు ఒకటే దండ. ఆయన నెలన్నర ఆస్పత్రిలో ఉంటే ఈ పదకొండుమందిలో ఒక్కరు గుమ్మం తొక్కలేదు. ఎడమనుంచి నాలుగో ఆయన, పింఛను కాగితం మీద సంతకం కోసం మా అత్తను మూడుసార్లు తిప్పాడు. టీకలో ఇవి రాయకూడదు. కాని ఆధారం ఉన్నవే రాస్తున్నాను కనుక మల్లినాథుడు క్షమించాలి.

కైలాసవాసి: అదే నోటితో "దివంగతులు" అన్నాడు, "మర్హూమ్" కూడా అన్నాడు. పునరుక్తి దోషం కాదా అంటే, కాదు, చరిత్ర. 1956 నవంబరు 1న మమ్మల్ని హైదరాబాదు రాష్ట్రం నుంచి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. 1960లో అది మహారాష్ట్ర అయింది. మైకు మాత్రం మూడు భాషల్నీ దగ్గరే ఉంచుకుంది. అందుకే ఇక్కడ చచ్చినవాడు మూడు లోకాలకు పోవాలి.

రెండు నిమిషాలు: 1918లో కేప్‌టౌన్‌లో యుద్ధంలో పోయినవాళ్ళకోసం మొదట మూడు నిమిషాలు నిలబడి చూసి, ఎక్కువైందని రెండు చేశారు. మరుసటేడు నవంబరు 11న ఇంగ్లండు రాజు సామ్రాజ్యమంతా పాటించమన్నాడు. మన దగ్గర జనవరి 30న పదకొండు గంటలకు నిలబడేదీ రెండు నిమిషాలే. దాన్ని ముప్పై సెకన్లకు దించిన ఖ్యాతి నాందేడుది.

ఆ ముప్పైలోనే నా పని అయిపోయింది. భరతుడు నవ్వును ఆరు విధాలు చేశాడు. స్మితం, హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు. అపహసిత లక్షణం చూడండి: చోటుకానిచోట పుడుతుంది, కళ్ళలో నీళ్ళొస్తాయి, భుజాలూ తలా అదురుతాయి. ఆయన మా హాలు రెండో వరుసలో కూర్చుని రాశాడా అనిపిస్తుంది. కడుపులో ఉన్నదాన్ని ముఖంలో కనపడకుండా దాచడానికి అవహిత్థ అని వేరే పేరు పెట్టి ముప్పైమూడు సంచారిభావాల్లో చేర్చాడు. పేరైతే పెట్టాడు, ఎలా దాచాలో నాకు చాలినంత చెప్పలేదు.

నవ్వాపుకోలేనివాళ్ళలో లక్ష్మణుడే మొదటివాడు. ఆడవాళ్ళ పాటల్లో 'లక్ష్మణదేవర నవ్వు' అని ఒకటుంది. మా అమ్మమ్మ తిరగలి దగ్గర పాడేది. పద్నాలుగేళ్ళు రావద్దని గడువు పెట్టిన నిద్ర, సరిగ్గా పట్టాభిషేకం సభలో వచ్చి నిలబడింది. దాని మాటనిలకడకు లక్ష్మణుడు ఫక్కున నవ్వాడు. ఇక చూడండి. అన్నను విడిచి వచ్చినందుకు నవ్వాడని విభీషణుడు తల దించాడు. అన్న చచ్చాక రాజైనందుకని సుగ్రీవుడు. పరాయి ఇంట ఉన్న పెళ్ళాన్ని తెచ్చుకున్నానని నవ్వాడనుకుని రాముడంతటివాడికే కోపం వచ్చింది. ఒక్కరికీ నిద్ర తట్టలేదు. ఎవరి మచ్చ వాళ్ళు తడుముకున్నారు. ఈ ఒక్క పాటకు ఎన్ని అలంకారశాస్త్రాలైనా ఇచ్చేస్తాను. భరతుడు నవ్వేవాడి భుజాలు చూశాడు. మా అమ్మమ్మ చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూసింది.

ఎక్కడున్నాం? మౌనంలో. నేను పైకి నవ్వి ఉంటే పదకొండుమందీ ఏమేం తడుముకునేవారో తెలియదు. నాలుగో ఆయన మాత్రం కాగితం తడుముకునేవాడు. నేను నవ్వలేదు. తల వంచుకుని అదిరాను. కళ్ళవెంట నీళ్ళు. అశ్రువున్నచోట శోకముండునన్న వ్యాప్తి అక్కడ భగ్నమైంది. పొగ చూసి నిప్పున్నదన్నట్టు, అధ్యక్షులవారు నన్ను వేలితో చూపి, "చూడండి, ఆ అల్లుడు ఇంకా ఏడుస్తనే ఉన్నడు. ఆయనను గూడ వ్యాసపీఠం మీదికి పిలిచి సత్కారం చెయ్యాలె" అన్నారు. పన్నెండో శాలువా ఉందట.

లేవలేక అత్తవైపు చూశాను. మొదటి వరుసలో కొంగు మొత్తం నోట్లో కుక్కుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఇటు వంగి, కొంగులోంచే అన్నది: "చీటీ చూసినవా బిడ్డా? మీ మామ ఉంటే గా శాలు చెయ్యిపెట్టి చూసి, బీడీ ముట్టించుకోనీకి బయటికి పోయెటోడు."

అత్త కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. శేషం సుగమం.